అడవి గాచిన వెన్నెల

ఎనిమిదో తరగతి అర్ధ సంవత్సర పరీక్ష. తెలుగు పేపర్లో ఒక ప్రశ్న వచ్చింది. ‘కింది జాతీయాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.’ అయిదు జాతీయాలు ఇచ్చారు. నాలుగు ఏమిటో ఇప్పుడు గుర్తు లేదు. అయిదోది మాత్రం ముప్పయి అయిదేళ్లు దాటినా మరిచిపోలేదు. ‘అడవి గాచిన వెన్నెల.’

మిగతా నాలుగూ నాకు రాలేదు. ఇది చూడగానే ప్రాణం లేచొచ్చింది. అడవి నాకు తెలుసు. వెన్నెల తెలుసు. గబగబా రాసేశాను: ‘మేము కార్తీక మాసంలో అడవి గాచిన వెన్నెలలో మంచె మీద కూర్చుని పందుల నుండి జొన్న చేనును కాపాడుకున్నాము.’ అక్షర దోషం ఒక్కటి లేదు. పైగా అది నిజంగా జరిగిన సంగతి.

పేపర్లు దిద్ది ఇచ్చినప్పుడు ఆ వాక్యం పక్కన ఎర్ర సిరాతో గుండ్రంగా సున్నా ఉంది.

మా తెలుగు మాస్టారు చెడ్డవారు కాదు. మైదానం నుంచి వచ్చి ఆ ఆశ్రమ పాఠశాలలో మా మధ్యే ఉన్న మనిషి. ఎవరికైనా జ్వరమొస్తే సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లేవారు. నన్ను దగ్గరికి పిలిచి ఓపిగ్గా చెప్పారు. “అడవిలో వెన్నెల కాస్తే ఎవరు చూస్తార్రా? ఎవరికి ఉపయోగం? అందుకని వృథాగా పోయిన దాన్ని అడవి గాచిన వెన్నెల అంటారు. ‘అతని చదువు అడవి గాచిన వెన్నెల అయింది’ అని రాయాలి.”

క్లాసులో ఉన్నదంతా కొండరెడ్ల పిల్లలు, కోయ పిల్లలు. వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు: “మేం చూస్తాం కదండీ?”

మాస్టారు ఒక్క క్షణం ఆగారు. తర్వాత నవ్వి, “అది జాతీయంరా. పెద్దలు అలా అన్నారు. మనం మార్చకూడదు” అన్నారు. పాఠం ముందుకి సాగింది.

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఈ సంగతి మా నాయనమ్మకి చెప్పాను. ఆమె చుట్ట కాలుస్తూ విని, పడీ పడీ నవ్వింది. “వాళ్ల ఊళ్లో దీపాలున్నాయి కదరా అయ్యా. దీపాలున్న చోట వెన్నెలెవడిక్కావాలి? వృథా అయ్యేది అక్కడే” అంది.

మా ఊరు పాపికొండల లోపల, గోదావరి ఒడ్డున ఉండేది. అటూ ఇటూ కొండలే కాబట్టి చంద్రుడు మాకు ఆలస్యంగా వచ్చేవాడు. ముందు అవతలి కొండ తల మీద తెలుపు కనిపించేది. తర్వాత ఆ తెలుపు మెల్లగా కిందికి దిగి, ఏటి మీదికి వచ్చి, చివరికి మా వాకిట్లోకి వచ్చేది. ఆ వెలుగులో మాకు చాలా పనులుండేవి. పోడు చేలకి కాపలా కాసేవాళ్లం. పక్క ఊరికి నడిచి వెళ్లేవాళ్లం. పండగ రోజుల్లో ఆ వెలుగులోనే ఆట, పాట. ఇప్పపూల కాలంలో తెల్లవారకముందే బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి చేరేవాళ్లం. వెన్నెల ఉంటే ఎలుగుబంటి ఉందో లేదో దూరం నుంచే తెలిసేది. వెన్నెల లేని పక్షంలో ఇప్పపూలకి వెళ్లాలంటే మా అమ్మకి భయం. ఇందులో వృథా ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

తర్వాత నేనూ తెలుగు మాస్టార్నే అయ్యాను. పండిత శిక్షణలో అలంకారాలు చదివాను. చదువుతుంటే ఒక వింత జరిగింది. పుస్తకంలో లక్షణం చదవగానే నాకు ఉదాహరణ పుస్తకంలోంచి కాక, నాయనమ్మ నోట్లోంచి వచ్చేది. 

ఉపమాలంకారం అందరూ చదువుకున్నదే. నాలుగు భాగాలు. దేన్ని పోలుస్తున్నామో అది ఉపమేయం. దేనితో పోలుస్తున్నామో అది ఉపమానం. రెండింటిలోనూ ఉన్న గుణం సమానధర్మం. ‘లాగా’, ‘వలె’ లాంటి మాట ఉపమావాచకం. ‘ఆమె ముఖం చంద్రబింబంలా అందంగా ఉంది’ అని పాఠం చెబుతారు. మా ఇంట్లో పుట్టిన బిడ్డని చేతుల్లోకి తీసుకుని నాయనమ్మ, “ఇప్పపువ్వులా నిండుగా ఉన్నాడు” అనేది. ఇప్పపువ్వు రాలినప్పుడు చూడండి. లేత మీగడ రంగు, ఉబ్బిన బుగ్గలా ఉంటుంది, నొక్కితే తీపి. అప్పుడే పుట్టిన బిడ్డకి అంతకంటే సరిపోయే పోలిక నాకు ఇంతవరకూ దొరకలేదు. నాలుగు భాగాలూ అందులో ఉన్నాయి. పరీక్షలో రాస్తే మార్కులు కూడా ఇవ్వాలి.

అవసరానికి మాత్రమే గడప తొక్కే చుట్టాన్ని, “ఇప్పపూలకి ఎలుగు వచ్చినట్టు వచ్చాడు” అనేది. మాట మాటకీ ఎగిరిపడే మా పెదనాన్నని, “పచ్చి వెదురు మంటలో వేసినట్టు పేలతాడు” అనేది. పచ్చి వెదురు కణుపు లోపల ఆవిరి పట్టి ఢామ్మని పేలడం తెలిసినవాడికి ఆ ఒక్క మాటతో మా పెదనాన్న కళ్ల ముందు నిలబడతాడు. తెలియనివాడికి మాత్రం నేను అరపేజీ వివరించాలి.

ఉపమ గురించి పుస్తకంలో లేనిది నేను నేర్చుకున్నది ఇక్కడే. పోలిక ఎప్పుడూ తెలిసిన దాని మీద నుంచి తెలియని దాని దగ్గరికి నడుస్తుంది. చేతికర్ర లాంటిది. ఎవరికి తెలిసినది అన్నది ముందు తేలాలి. నేను పిల్లాడిగా ఉన్నప్పుడు తామరపువ్వు చూడలేదు. రాజహంస చూడలేదు. ‘హంస నడక’ అని చదివితే నా మనసులో మా ఏటి ఒడ్డున తిరిగే కొంగ నడిచేది. తప్పు నాది కాదు, కవిదీ కాదు. ఆ పోలిక నా కోసం చేసింది కాదు, అంతే. 

రూపకం ఇంకో మెట్టు. ‘లాగా’ అనే మాట తీసేస్తాం. ఇది అదే అంటాం. మా అమ్మ పోయిన రోజు మా మేనమామ ఏడుస్తూ అన్న మాట ఒకటుంది. “జీలుగు చెట్టు పడిపోయిందిరా.” జీలుగు తెలిసినవాళ్లకి ఇది ఎంత బరువైన మాటో చెప్పక్కర్లేదు. తెలియనివారి కోసం చెబుతాను. జీలుగు చెట్టు బతికినన్నాళ్లూ కల్లు ఇస్తుంది. కొండ మీద అది తాగుడు సరదా కోసం కాదు, కొన్ని నెలల పాటు అదే తిండి. తిండిగింజలు పూర్తిగా అయిపోయిన రోజుల్లో చెట్టునే నరికి, లోపలి దూట దంచి, పిండి చేసుకుని తింటాం. అంటే చచ్చిపోతూ కూడా కడుపు నింపుతుంది. మా అమ్మ జబ్బు పడ్డాక కూడా తన పాలు అంబలి మాకు ఒంపేసేది. మా మేనమామ ఆమెను మెచ్చుకోలేదు, ఆమె కథ చెప్పలేదు. చెట్టు పేరు చెప్పాడు. అక్కడున్న వాళ్లందరూ ఒక్కసారిగా ఏడ్చారు. మేనమామకి సంతకం రాదు. రూపకాలంకారం అంటే ఏమిటో నేను ఆ రోజు నేర్చుకున్నాను.

అలంకారాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది స్వభావోక్తి. ఉన్నది ఉన్నట్టు, కళ్లకి కట్టినట్టు చెప్పడం. పోలిక ఉండదు, ఊహ ఉండదు. దీన్ని అలంకారమనాలా వద్దా అని పూర్వమే వాదం నడిచింది. మాటకి వంపు ఉంటేనే కావ్యమని భామహుడు. దండి మాత్రం తన కావ్యాదర్శంలో అర్థాలంకారాలు చెబుతూ మొట్టమొదట స్వభావోక్తినే పెట్టాడు. నేను దండి పక్షం. జింక చెవులు నిక్కించి, ముందుకాలు ఒకటి ఎత్తి, గాలి వాసన పట్టి, మళ్లీ మేతకి వంగడం ఎలా ఉంటుందో చెప్పాలంటే చూసినవాడై ఉండాలి. మన రచయితలకి ఇది పుట్టుకతో వచ్చిన ఆస్తి. అయినా మనలో చాలామంది కలం పట్టగానే మొదటి పేజీలోనే చంద్రబింబాన్ని, తామరాకు మీది నీటిబొట్టును అప్పు తెచ్చుకుంటాం. నేనూ తెచ్చుకున్నాను. నా మొదటి కవితలు అలాంటివే. అవి నాయనమ్మకి చదివి వినిపిస్తే, “బాగుందిరా. ఎవరి ఊరు ఇది?” అని అడిగింది.

ఇక జాతీయం దగ్గరికి వస్తాను. జాతీయం కూడా ఒకప్పుడు ఎవరో ఒక మనిషి చేసిన పోలికే. వాడగా వాడగా అది పోలిక అన్న సంగతి మరుగున పడిపోతుంది. రాయి అరిగి గులకరాయి అయినట్టు నున్నగా అయిపోతుంది. ఉపమతో మనం వాదించవచ్చు. ‘నా మొహం చంద్రబింబంలా ఏమీ లేదు’ అనవచ్చు. జాతీయంతో వాదించలేం. అందులో ఉన్న అభిప్రాయం మాటతో పాటు చప్పుడు లేకుండా నోట్లోకి వచ్చేస్తుంది.

‘అడవి గాచిన వెన్నెల’కి ఒక చెల్లెలుంది. ‘అరణ్యరోదన’. అడవిలో ఏడిస్తే వినేవాడుండడని. పేపర్లలో ఇంకో రెండు కనిపిస్తుంటాయి. ‘ఆటవిక న్యాయం’, ‘ఆటవిక రాజ్యం’. ఎక్కడైనా గుంపు మీద పడి మనిషిని కొట్టి చంపితే ఆటవికం అంటారు. మా ఊళ్లో గొడవ వస్తే పెద్దలు చింతచెట్టు కింద కూర్చుని, ఇద్దరి మాటా విని, తెల్లవారేదాకా మాట్లాడి తేల్చేవారు. ఆ ‘ఆటవిక న్యాయం’లో మనిషిని కొట్టి చంపడం నేనెప్పుడూ చూడలేదు.

ఈ నాలుగు మాటల్లోనూ ఒక సంగతి ఉంది. మొదటి రెండూ అడవిలో మనుషులు లేరంటాయి. తర్వాతి రెండూ, ఉన్నా మనుషుల్లా ఉండరంటాయి. ఈ మాటలు అనే వాళ్లందరికీ మన మీద ద్వేషం ఉందని నేను అనను. మా మాస్టారికి లేదు. ఆ మాట మొదట పుట్టించిన మనిషి ఎవరో తన ఊళ్లో, తన అరుగు మీద కూర్చుని అడవి వైపు చూశాడు. అక్కడి నుంచి చూస్తే చీకటి, చెట్లు కనిపించాయి. మంచె కనిపించలేదు. మంచె మీద ఉన్న మేం కనిపించలేదు. ప్రతి పోలికలోనూ పోల్చినవాడు నిలబడిన చోటు ఉంటుంది. కవిత చదివేటప్పుడు ‘ఇది ఏ అలంకారం’ అని అడగడంతో పాటు, ‘ఈ కవి ఎక్కడ నిలబడి చూస్తున్నాడు’ అని కూడా అడగమని నా పిల్లలకి చెబుతాను. 

అడవి ఖాళీ కాదని చెప్పే రాతలు లేకపోలేదు. హైమెండార్ఫ్ మా కొండల్లోకి వచ్చి, మా పెద్దల మధ్య తిరిగి, 1945లో ‘ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్’ అనే పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. బైసన్ హిల్స్ అంటే మా పాపికొండలే. మా గురించి అంత పెద్ద పుస్తకం రాసినవాడు ఎక్కడో ఆస్ట్రియాలో పుట్టిన మనిషి. నేను పుట్టిన భాష తెలుగు. కొండరెడ్లకి వేరే భాష లేదు, మా ఇంటి భాష తెలుగే. అయినా బడిలోకి వెళ్లిన మొదటి రోజు నుంచి అది వేరేవాళ్ల భాష అన్నట్టే ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే మాటలన్నీ మావే, పోలికలే మావి కావు.

పండిత శిక్షణలో శబ్దశక్తులు అని ఇంకో పాఠం ఉంది. అభిధ, లక్షణ, వ్యంజన. మాటకున్న మామూలు అర్థాన్ని ఇచ్చేది అభిధ. మామూలు అర్థం కుదరనప్పుడు దానికి సంబంధించిన మరో అర్థాన్ని తెచ్చేది లక్షణ. దీనికి శాస్త్రాల్లో ఒక పాత ఉదాహరణ ఉంది. ‘గంగలో పల్లె ఉంది’ అని. నదిలో పల్లె ఉండదు కదా. ప్రవాహంలో ఇళ్లు ఎలా కడతారు? కాబట్టి ముఖ్యార్థం కుదరలేదు. అందుకని గంగ అంటే గంగ ఒడ్డు అని అర్థం చేసుకోవాలి. నేను ఈ పాఠం ఎన్నోసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ, “మా ఊరు గోదావరి మీద ఉంది అంటాం కదా, అలాగే” అని నా ఊరి ఉదాహరణ కలిపేవాణ్ని.

పోలవరం ముంపులో మా ఊరు ఖాళీ చేశాం. ముంపు మండలాల్లో ముసలమ్మలు కూడా ఇప్పుడు కాంటూరు అనే మాట వాడతారు. 41.15 కాంటూరు, 45.72 కాంటూరు. జలాశయంలో నీళ్లు ఎన్ని మీటర్ల ఎత్తుకి వస్తాయో చెప్పే లెక్కలవి. ఆ అంకెల్లో ఏ అలంకారమూ లేదు. ఏ ఊరు ముందు వెళ్లాలో, ఏది తర్వాతో చెబుతాయి. మేం వెళ్లిన తర్వాతి వరద కాలంలో పడవ మీద వెళ్లి చూశాను. మా ఊరి చింతచెట్టు కొన మాత్రం నీళ్ల పైన కనిపించింది. దాని మీద ఒక నీటికాకి కూర్చుని ఉంది.

తిరిగొచ్చి మళ్లీ ఆ పాఠం చెప్పాల్సి వచ్చింది. ‘గంగలో పల్లె ఉంది. ఇక్కడ ముఖ్యార్థం కుదరదు’ అని బోర్డు మీద రాశాను. రాసి ఆగిపోయాను. మా ఊరు గోదావరిలో ఉంది. ఇప్పుడు ఈ వాక్యానికి లక్షణ అక్కర్లేదు. అభిధ చాలు. పిల్లలు నా వైపు చూస్తున్నారు. “ఈ ఉదాహరణ పాతది, ఇంకోటి రాసుకుందాం” అన్నాను.

ఇప్పుడు కాలనీలో ఉంటున్నాం. వరసగా కాంక్రీటు ఇళ్లు, వీధికో కరెంటు స్తంభం. పిల్లలకి బడి దగ్గర, రోడ్డు దగ్గర. అది మేలే, కాదనను. అయితే ఇక్కడ జీలుగు లేదు. ఇప్పచెట్టు లేదు. వెదురు దుకాణంలో నిచ్చెనగా తప్ప కనిపించదు. కాలనీలో పెరుగుతున్న మా అన్న మనవడితో మా వదిన ఒకసారి, “ఇప్పపూలకి ఎలుగు వచ్చినట్టు పండక్కొచ్చావా” అంది. వాడు, “ఎలుగు అంటే ఏంటి నాయనమ్మా?” అని అడిగాడు. ఆమె చెప్పబోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఊరుకుంది. ఊరు పోయినప్పుడు ఇంటికి, చెట్టుకి, పొలానికి లెక్క కట్టారు. ఆ రోజు వదిన నోట్లో ఆగిపోయిన మాటకి లెక్క కట్టే కాలమ్ ఏ ఫారంలోనూ లేదు. చూపించడానికి చెట్టు లేనప్పుడు, మృగం లేనప్పుడు పోలిక నోట్లోనే ఎండిపోతుంది.

కిందటి ఏడు ఎనిమిదో తరగతికి నేనే పేపర్ తయారుచేశాను. జాతీయాల ప్రశ్నలో, ఎందుకో తెలియదు, ‘అడవి గాచిన వెన్నెల’ పెట్టాను. ఎవరైనా నాలాగా రాస్తారేమో చూద్దామని ఆశ ఉందేమో. రాస్తే మార్కులు వేద్దామనుకున్నాను.

ఎవరూ రాయలేదు. అందరూ గైడులో ఉన్నట్టు, ‘అతని శ్రమ అడవి గాచిన వెన్నెల అయింది’ అని రాశారు. కాలనీ నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం సొంతంగా రాసింది: ‘మా తాత విల్లు కాలనీలో అడవి గాచిన వెన్నెల అయింది.’

వాక్యం సరిగ్గా ఉంది. జాతీయం సరిగ్గా వాడింది. రెండు మార్కులు. వేశాను. వేశాక చాలాసేపు ఆ పేపరు పక్కన పెట్టలేకపోయాను. ముప్పయి అయిదేళ్ల క్రితం ఆ మాట మాకు తప్పుగా ఉండేది. ఇప్పుడు ఒప్పయింది. మాట మారలేదు. మేం మాట చెప్పిన చోటికి వచ్చి నిలబడ్డాం.

తర్వాతి వారం పిల్లలకి ఒక పని ఇచ్చాను. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కరు ఒక్కొక్క పోలిక అడిగి రాసుకురండి, అందులో చెట్టుంటే ఆ చెట్టు ఎలా ఉంటుందో, మృగముంటే అది ఎలా తిరుగుతుందో కూడా అడిగి రాయండి అన్నాను. మొదట పోలిక, కింద స్వభావోక్తి. రెండో రోజుకి నలుగురు తెచ్చారు. ఆ అమ్మాయి వాళ్ల తాత దగ్గర నుంచి ఒకటి కాదు, అయిదు తెచ్చింది. “విల్లు గురించి అడిగితే ఆపకుండా చెప్పాడు మాస్టారూ, అన్నం కూడా తినలేదు” అంది. ఆమె రాసిన దాంట్లో విల్లుకి ఏ వెదురు పనికొస్తుందో, దాన్ని ఏ నెలలో నరకాలో, నారి ఎలా పేనాలో మూడు పేజీలుంది.

అవన్నీ ఒక లావుపాటి నోటు పుస్తకంలోకి ఎక్కిస్తున్నాం. ఇప్పటికి అరవై దాటాయి. కోయ పిల్లలు తెచ్చినవి కోయ మాటలోనే ముందు రాసి, కింద తెలుగులో రాస్తున్నాం. ఇది చదివే మీ ఇళ్లలోనూ ఇలాంటి నాయనమ్మలు, మేనమామలు ఉంటారు. వాళ్లున్నప్పుడే అడగండి. ఆ చెట్టూ చేమా చూసిన కళ్లు ఉన్నప్పుడే రాసుకోండి.

ఆ పుస్తకం మొదటి పేజీ నేను తీసుకున్నాను. కార్తీక మాసం, మంచె, పందులు, జొన్న చేను, అడవి గాచిన వెన్నెల అన్నీ ఉన్న నా పాత వాక్యాన్ని అక్షరం మార్చకుండా రాశాను. దాని కింద మంచె ఎలా కడతారో రాయడం మొదలుపెట్టాను. ఇంకా పూర్తి కాలేదు.